రొమ్ముల గడ్డ తగిలింది, బీమా ఏజెంటేమో ముందు పాలసీ తర్వాతే పరీక్ష అంటున్నడు: ఏది ముందు?

సంఘం_లెక్కలు, పరకాల

నమస్కారం. పరకాల దిక్కు మా ఊరి మహిళా సంఘాల లెక్కలు రాస్త. వచ్చే నెల గ్రామ సంఘం మీటింగుల రొమ్ము క్యాన్సర్ గురించి ఒక అరగంట మాట్లాడాలని తీర్మానం చేసినం. దానికోసం కొన్ని సంగతులు పక్కాగ తెలుసుకోవాలె.

మొదటిది, ఎవరి రొమ్ము వాళ్లు ఇంట్ల చూసుకునే పద్ధతి. వీడియోలల్ల ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు. ఎప్పుడు చూడాలె, ఎంత గట్టిగ నొక్కాలె, ఏది తగిలితే దవాఖానకు పోవాలె, ఏది మామూలు?

రెండోది తొందర పని. మా సభ్యురాలు ఒకామెకు 42 ఏండ్లు. కుడి రొమ్ముకు బయటి పక్క గడ్డ తగులుతున్నదట. రెండు నెలలైంది, నొప్పి లేదు, ఇంకా ఎక్కడా చూపించలేదు. తెలిసిన ఏజెంటు ఒకాయన 'ఇప్పుడే పోతే కాగితం మీదికి ఎక్కుతది. ముందు క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (పెద్ద జబ్బు తేలితే ఒకేసారి డబ్బిచ్చే బీమా) తీసుకో, 90 రోజులు ఊకో, అప్పుడు పరీక్ష చేయించుకుంటే పది లక్షలు చేతికొస్తయి' అని చెప్పిండు. ఇంటోళ్లు దానికే మొగ్గుతున్నరు. ఇది నిజమేనా?

మూడోది, మిగతా సభ్యుల సంగతి. దాదాపు అందరికీ తెల్ల కార్డు ఉంది. రైతు బీమా ఉంది, బ్యాంకుల ఏడాదికి 436 రూపాయలు కటయ్యే బీమా ఉంది. ఇవన్నీ ఉన్నంక పెద్ద జబ్బుకు ఇంకేమన్న కావాల్నా?

నర్సు_హన్మకొండ

ముందు రెండో ప్రశ్నకే జవాబు. ఆమెను ఈ వారమే తీసుకపోండి. 40 దాటిన మనిషికి నొప్పి లేని గడ్డ రెండు నెలలు అట్లనే నిలబడ్డదంటే, మూడు నెలలు ఆపే సంగతి కాదు. రొమ్ముల తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, ఆ మాట కూడా ఆమెకు చెప్పండి, లేకుంటే భయంతోనే ఆగిపోతది. వరంగల్ల ఎంజీఎం సర్కారు దవాఖానకు పోతే చీటీ రాయించేటప్పుడే 'రొమ్ముల గడ్డ' అని చెప్పి సర్జరీ ఓపీకి రాయించుకోండి. ఆడవాళ్ల సమస్య కదా అని చాలామంది గైనిక్ ఓపీ ముందు కూసుంటరు. అక్కడి నుంచి మళ్లా సర్జరీకే పంపుతరు, ఒక పూట పోతది.

ఇగ చూసుకునే పద్ధతి. నెలసరి వచ్చేవాళ్లు, నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి 7 నుంచి 10 రోజుల మధ్య చూసుకోవాలె. నెలసరికి ముందటి వారం హార్మోన్లతోని రొమ్ములు నీరు పట్టి బరువుగ, గడ్డలుగడ్డలుగ ఉంటయి. అప్పుడు చూసుకున్నవాళ్లు ఊకనే భయపడతరు, లేకుంటే 'నాకు ఎప్పుడూ ఇట్లనే ఉంటది' అని అసలు గడ్డను కూడా వదిలేస్తరు.

మొదట అద్దం ముందు చూపుతోనే. రవిక, బ్రా తీసి, వెలుతురు పక్క నుంచి పడేటట్టు నిలబడాలె. చేతులు కిందికి వదిలి ఒకసారి, తల మీదికి ఎత్తి ఒకసారి, రెండు చేతులు నడుము మీద పెట్టి గట్టిగ లోపలికి నొక్కుతూ ఒకసారి. ఈ మూడోది చాలామంది వదిలేస్తరు. అట్ల నొక్కితేనే ఛాతీ కండరం బిగుసుకుంటది. గడ్డ లోపల చర్మాన్నో కండరాన్నో పట్టుకొని ఉంటే సొట్ట అప్పుడే బయటపడతది. చూడాల్సినవి: కొత్తగ వచ్చిన సొట్ట, చర్మం బత్తాయి తొక్క లెక్క సన్నసన్న గుంటలు పడుడు, చనుమొన లోపలికి గుంజుకపోవుడు, ఒక పక్కకు తిరుగుడు, మొన మీద మానని పొక్కు లేదా పుండు, ఎర్రగ వాచుడు. ఒక రొమ్ము రెండోదానికంటే కొంచెం పెద్దగ ఉండుడు మామూలే. చిన్నప్పటి నుంచే మొన లోపలికి ఉన్నవాళ్లకు కూడా భయం లేదు. ఈ మధ్య మారిందా అనేదే ప్రశ్న.

తర్వాత పడుకొని. ఎడమ రొమ్ము చూసుకునేటప్పుడు ఎడమ భుజం కింద మడత పెట్టిన దుప్పటి పెట్టుకొని, ఎడమ చెయ్యి తల కింద పెట్టుకోవాలె. అట్లయితే రొమ్ము ఛాతీ మీద పలచగ పరుచుకుంటది. కుడి చేతి మూడు నడిమి వేళ్లు, కొసలు కాదు, మెత్తటి భాగాలు. రూపాయి బిళ్లంత సున్నాలు తిప్పుతూ ప్రతి చోట మూడు తీర్ల ఒత్తిడి పెట్టాలె: ముందు తోలు కదిలేటంత, తర్వాత నడిమి కండకు, తర్వాత పక్కటెముక తగిలేదాక. కొబ్బరినూనె చుక్క రాసుకుంటే వేళ్లు జారుతయి, స్పర్శ బాగ తెలుస్తది.

ఎంత మేర? పైన మెడ కింద అడ్డంగ ఉండే ఎముక నుంచి కింద బ్రా పట్టీ దాక, లోపల ఛాతీ నడిమి ఎముక నుంచి బయట చంక నడిమి దాక. పైకి కిందికి నిలువు వరుసలు, నాట్లేసినట్టు ఒక్క సందు కూడా వదలకుండ పోవాలె. చివరికి చెయ్యి కొంచెం కిందికి దించి చంక లోపల చూడాలె. చెయ్యి పూర్తిగ ఎత్తితే చంక తోలు బిగుసుకొని లోపలి బిళ్లలు దొరకవు. రొమ్ములు బరువుగ ఉన్నవాళ్లు బయటి భాగం చూసుకునేటప్పుడు కొంచెం అవతలి పక్కకు ఒరగాలె. చంక దిక్కు పై భాగంలనే కండ ఎక్కువ, జబ్బు కూడా ఎక్కువగ అక్కడనే మొదలైతది.

రెండు తప్పులు జరుగుతయి. ఒకటి, వేళ్ల మధ్య పట్టి చిదుముడు. అట్ల పడితే ఎవరికైనా మామూలు కండే గడ్డ లెక్క తగులుతది. ఇంకొకటి, రొమ్ము కింద మడత దగ్గర అడ్డంగ తగిలే గట్టి అంచును గడ్డ అనుకునుడు. అది అందరికీ ఉంటది. అనుమానం వస్తే అవతలి రొమ్ముల అదే జాగ చూడండి, అక్కడ కూడా అట్లనే ఉంటే మీ శరీరం తీరే అది.

ఆగకుండ పోవాల్సినవి: గట్టిగ, అంచు తెలియకుండ, కదలకుండ ఉన్న గడ్డ, చంకల బిళ్ల, నొక్కకుండనే ఒక్క మొన నుంచి రక్తం లేదా రక్తం కలిసిన నీరు, పైన చెప్పిన చర్మం మార్పు. నెలసరి ముందు వచ్చిన మెత్తటి, నొప్పి ఉన్న గడ్డయితే ఒక్క నెలసరి పోయేదాక చూడొచ్చు, అప్పటికీ ఉంటే పోవాలె. నెలసరి ఆగినవాళ్లకు ఆ ఒక్క నెల గడువు కూడా లేదు. పాలిచ్చే తల్లులకు రొమ్ము ఎర్రగ వాస్తే పాలగడ్డ అని మందులిస్తరు, అది సరే. కాని వారం పది రోజుల మందులకు కూడా తగ్గకుంటే స్కానింగు అడగాలె. వాపు తీరులనే వచ్చే క్యాన్సర్ ఒకటుంది, అది తొందరగ ముదురుతది.

బీమా_క్లెయిమ్స్, వరంగల్

ఆరోగ్య బీమా క్లెయిముల పరిశీలన నా పని. ఏజెంటు చెప్పిన లెక్క ఎక్కడ విరుగుతుందో చెప్తాను, ఆ ఇంటివాళ్లకు ఇది చదివి వినిపించండి.

ప్రపోజల్ ఫారంలో 'ఎక్కడైనా గడ్డ, వాపు, కణితి ఉందా' అని నేరుగా అడుగుతారు. అక్కడ 'లేదు' అని సంతకం పెడితే అది ఆమె చెప్పిన అబద్ధం అవుతుంది, ఏజెంటుది కాదు. తర్వాత మూడు నెలలకు దవాఖానకు వెళ్తే డాక్టరు మొట్టమొదట అడిగేది 'ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా' అని. ఆమె నిజమే చెప్తుంది, చెప్పాలి కూడా, చికిత్సకు అది కావాలి. కేస్ షీట్ మొదటి వరుసలోనే 'కుడి రొమ్ములో గడ్డ, 5 నెలలుగా' అని రాస్తారు. క్లెయిమ్ వచ్చినప్పుడు మేము ముందు చదివేది ఆ వరుసనే. పాలసీ వయసు మూడు నెలలు, గడ్డ వయసు ఐదు నెలలు. అక్కడితో క్లెయిమ్ తిరస్కరణ, పాలసీ రద్దు.

90 రోజుల నిబంధన కూడా ఆయన చెప్పినట్టు లేదు. చాలా క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీల్లో మొదటి 90 రోజుల్లో గుర్తించిన జబ్బుకే కాదు, ఆలోపు లక్షణాలు కనిపించిన జబ్బుకూ డబ్బు రాదని ఉంటుంది. క్యాన్సర్ ఒక్కదానికే ఇచ్చే పాలసీల్లో ఈ గడువు 180 రోజులున్నవీ ఉన్నాయి. అంటే ఆరు నెలలు ఆపమని రేపు ఇంకొకరు చెప్తారు. రొమ్ములోనే ఉన్న గడ్డకూ చంక బిళ్లల దాకా పాకిన గడ్డకూ చికిత్స వేరు, ఖర్చు వేరు, బతికే అవకాశం వేరు. రాని డబ్బు కోసం దాన్ని పణం పెట్టొద్దు.

ఇప్పటికే పాలసీ కట్టేసి ఉంటే, పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోపు వాపసు ఇవ్వొచ్చు. స్టాంపు ఖర్చు, వైద్య పరీక్ష చేయించి ఉంటే దాని ఖర్చు, గడిచిన రోజుల ప్రీమియం పట్టుకొని మిగతాది తిరిగి ఇస్తారు. ఏజెంటుకు చెప్పి ఊరుకోకండి, కంపెనీకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

గడ్డ క్యాన్సర్ కాదని తేలితే ఆ రిపోర్టు జతచేసి, ఉన్నది ఉన్నట్టు రాసి పాలసీ అడగండి. ప్రీమియం కొంచెం పెంచవచ్చు, లేదా రొమ్ము సమస్యలకు గడువు పెట్టవచ్చు, కానీ ఆ పాలసీ అవసరానికి నిలబడుతుంది.

ప్రజారోగ్యం_విద్యార్థి

నర్సమ్మ చెప్పిన పద్ధతిలో తప్పు లేదు. కానీ మీటింగులో ఒక మాట కలపాలి. నెలనెలా ఎవరికి వారు తడుముకోవడం వల్ల మరణాలు తగ్గినట్టు రుజువు లేదు. చైనాలోని షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే దాదాపు 2,66,000 మంది మహిళల మీద పెద్ద అధ్యయనం చేశారు. సగం మందికి నేర్పించి, మళ్లీ మళ్లీ గుర్తుచేశారు. 2002లో వచ్చిన తుది ఫలితాల్లో రెండు గుంపుల్లోనూ మరణాలు దాదాపు సమానం. నేర్చుకున్నవాళ్లలో క్యాన్సర్ కాని గడ్డలకు బయాప్సీలు (ముక్క తీసి చేసే పరీక్షలు) మాత్రం ఎక్కువయ్యాయి.

మన దేశంలో పనికొచ్చిన రుజువు వేరే ఉంది. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి, సుమారు 1,50,000 మంది మహిళలతో చేసిన అధ్యయనం 2021లో అచ్చయింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు. మొత్తం మీద మరణాల తగ్గుదల గట్టిగా తేలలేదు, కానీ 50 దాటినవాళ్లలో దాదాపు 30 శాతం తగ్గాయి. జబ్బు ముదరకముందే దొరకడమూ పెరిగింది. అందుకని మీటింగుకు ఏఎన్ఎంను పిలవండి. 30 దాటిన మహిళలకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయడం ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. రాష్ట్రంలో 2023 మార్చి 8న మొదలైన 'ఆరోగ్య మహిళ' క్లినిక్కులు మంగళవారం నడిచేలా పెట్టారు. మీకు దగ్గరలో ఏ కేంద్రంలో చూస్తున్నారో ఆశా కార్యకర్తను అడగండి.

నర్సు_హన్మకొండ

ఒప్పుకుంట. 'ఇంట్ల చూసుకున్న, ఏం లేదు' అని ఏఎన్ఎం పరీక్షను, మామోగ్రామ్‌ను (రొమ్ముకు తీసే ఎక్స్‌రేను) ఎగ్గొట్టొద్దు. అయినా నేర్పించాలెనే అంట. మన దిక్కు ఆడవాళ్లు గడ్డ పిడికిలంతైనంక వస్తున్నరు. తన రొమ్ము మామూలుగ ఎట్లుంటదో తెలిసిన మనిషికి మార్పు ముందే తెలుస్తది. ఏదన్న ఒక నెల చూసుకోకున్నా దిగులు పడే పని లేదు, తెలిసి ఉండుడే ముఖ్యం.

పాథాలజీ_ల్యాబ్

ఆ 42 ఏళ్లామెకు రేపు ఏం జరుగుతుందో, ఎక్కడ పాడవుతుందో చెప్తాను. ఈ దశలో జరిగే పొరపాట్లను తర్వాత ఎంత డబ్బు పెట్టినా దిద్దలేం.

మూడు పరీక్షలు కలిసి ఉండాలి: డాక్టరు చేత్తో చూడడం, ఫొటో, సూది. 30 లోపు వయసుకు అల్ట్రాసౌండ్ ముందు, ఎందుకంటే కండ దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో అంతా తెల్లగా కనిపిస్తుంది. 40 దాటినవాళ్లకు రెండు రొమ్ములకూ మామోగ్రామ్, దానికి తోడు అల్ట్రాసౌండ్. మామోగ్రామ్ రోజు చంకల్లో, రొమ్ముల మీద పౌడరు, సెంటు వద్దు. పౌడరు రేణువులు ఫిల్ములో సున్నపు చుక్కల్లా పడతాయి, క్యాన్సర్‌కూ అలాంటి చుక్కలే గుర్తు. ఒక్కో రొమ్మును పలకల మధ్య నొక్కి రెండు కోణాల్లో తీస్తారు. కొన్ని సెకన్లు నొప్పిగా ఉంటుంది.

రిపోర్టు చివర 'బైరాడ్స్' అని అంకె ఉంటుంది. 1, 2 అయితే భయం లేదు. 3 అయితే ఆరు నెలలకు మళ్లీ తీయాలి. 4, 5 అయితే సూది పరీక్ష తప్పదు. 0 అంటే ఏమీ లేదని కాదు, ఇంకో పరీక్ష కావాలని. దీన్ని 'సున్నా వచ్చింది, జబ్బు లేదు' అని చదువుకొని ఇంటికి పోయేవాళ్లున్నారు. ఇంకోటి, చేతికి గడ్డ తగులుతూ మామోగ్రామ్ మామూలుగా వచ్చినా వదలకూడదు. మామోగ్రామ్‌కు దొరకని క్యాన్సర్లు ఉంటాయి.

సూదిలో రెండు రకాలు. సన్న సూదితో కణాలు లాగేది ఎఫ్ఎన్ఏసీ. లావు సూదితో కండ ముక్క తీసేది కోర్ బయాప్సీ. క్యాన్సర్ అనుమానం ఉంటే కోర్ బయాప్సీయే అడగండి. మత్తు సూది ఇచ్చి తీస్తారు, ఆ రోజే ఇంటికి వెళ్లొచ్చు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్న మాట అబద్ధం. ముక్క ఉంటేనే ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్లతో పెరిగే రకమా), హెర్2 (గడ్డను పెంచే ఒక ప్రోటీన్ ఎక్కువుందా) పరీక్షలు నమ్మకంగా అవుతాయి. మాత్రలు పనిచేస్తాయా, ఏడాది పాటు ఇంజెక్షన్లు కావాలా అనేది వాటి మీదే తేలుతుంది. హెర్2 '2+' అని వస్తే తేలనట్టు, దాని మీద ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయించాలి.

అన్నిటికంటే చెడ్డ పొరపాటు, పరీక్ష లేకుండానే 'చిన్న గడ్డే, తీసేస్తా' అని నర్సింగ్ హోములో కోయించుకోవడం. క్యాన్సరని తర్వాత తేలితే చుట్టూ ఎంత అంచు తీయాల్సి ఉండెనో తెలియదు, చంక బిళ్లలు చూసి ఉండరు, రెండో ఆపరేషన్ తప్పదు. తీసిన ముక్కను పారేస్తే లేదా సెలైన్ నీళ్లలో వేసి పంపితే మేము చేయగలిగింది కొంచెమే. ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్కకు పది రెట్లు ద్రావణం ఉండేలా, తీసిన గంటలోపే పడాలి. ఆలస్యమైతే ఈఆర్ ఉన్నా లేనట్టు రావచ్చు, ఐదేళ్లు కాపాడే మాత్ర అలా తప్పిపోతుంది.

రిపోర్టుతో పాటు మైనపు బ్లాకులు, స్లైడులు అడిగి తీసుకోండి. హైదరాబాద్‌లో మళ్లీ చూస్తామంటారు, అవి లేకుంటే మళ్లీ సూది. బ్లాకులను ఎండలో, వేడి బండిలో పెట్టొద్దు, మైనం కరుగుతుంది.

సంఘం_లెక్కలు, పరకాల

అందరికీ మస్తు ధన్యవాదాలు. బీమా సారు రాసింది ఇంటోళ్లకు చదివి వినిపించిన. సోమవారం ఎంజీఎం పోతున్నరు. పాలసీ ఇంకా కట్టలేదు. ఇంకో చిక్కు: రేషన్ కార్డుల పేరు ఒక తీరు, ఆధార్‌ల ఒక తీరు ఉంది. ఒకవేళ చెడుగ తేలితే ఆరోగ్యశ్రీకి అడ్డమైతదా? హైదరాబాద్ తిరుగుడు ఖర్చు ఎట్ల?

ఆరోగ్యమిత్ర

అడ్డమవుతుంది, కానీ దిద్దుకోవచ్చు. ఇప్పుడే మీసేవలో సవరణకు పెట్టండి, రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దు. ఆహార భద్రత కార్డు నంబరు మీదే కుటుంబాన్ని చూస్తాం, పేషెంటు పేరు అందులో ఉండాలి, ఆధార్‌తో కలవాలి. కొత్త కోడళ్ల విషయంలో ఇంకో చిక్కు: పుట్టింటి కార్డులో పేరు తీయించుకుంటారు, అత్తగారింటి కార్డులో ఎక్కకముందే జబ్బు వస్తుంది. అత్తింటి కార్డులో ఎక్కించే దారి చూసుకున్నాకే పుట్టింటిది తీయించండి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ ప్యాకేజీలుగా ఉంటాయి. ఆరోగ్యశ్రీలో చేరిన (నెట్‌వర్క్) దవాఖానలో మా డెస్కు దగ్గరికి కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు తెస్తే అనుమతికి పెడతాం. బయాప్సీ లేకుండా క్యాన్సర్ ప్యాకేజీ అనుమతి దొరకదు, కాబట్టి అంతకుముందు పరీక్షల ఖర్చు చేతి నుంచే పోతుంది. వాటిని ప్రభుత్వ దవాఖానలోనే చేయించుకుంటే ఆ డబ్బు మిగులుతుంది. అనుమతి ఇచ్చిన చికిత్సకు పైన డబ్బు అడిగితే 104కు ఫోన్ చేయండి.

హైదరాబాద్‌లో ప్రభుత్వపరంగా ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన, నిమ్స్ ఉన్నాయి. ప్రయాణానికి: మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, తోడు కూడా ఆడమనిషే అయితే ఇద్దరికీ ఖర్చు లేదు. ఆధార్ దగ్గర ఉంచుకోవాలి. కీమో తర్వాత వాంతులు, నీరసం ఉంటాయి, బస్సు కుదుపు పడదు. కాజీపేట నుంచి రైలే మేలు. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో చార్జీ పూర్తిగా మాఫీ, తోడు ఒకరికి 75 శాతం తగ్గింపు. సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం. చికిత్స చేసే దవాఖాన నుంచి రైల్వే రాయితీ ఫారం సంతకం చేయించుకొని కౌంటరులో ఇవ్వాలి.

ఆరోగ్యశ్రీలో లేని ఖర్చులకు సీఎం సహాయ నిధి ఉంది. ముందే దవాఖాన అంచనాతో ఎల్ఓసీ (ఖర్చు ప్రభుత్వం కడుతుందనే హామీ పత్రం), లేదా తర్వాత ఒరిజినల్ బిల్లులతో, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు చేస్తారు. ఒరిజినల్ బిల్లు ఒక్కటీ పారేయొద్దు, జిరాక్సులు తీసి పెట్టండి. ఆరోగ్యశ్రీలో అయిన చికిత్సకు ఇది రాదు.

బీమా_క్లెయిమ్స్, వరంగల్

మూడో ప్రశ్న మిగిలింది. రైతు బీమా 5 లక్షలు, బ్యాంకు 436 రూపాయల జీవన జ్యోతి 2 లక్షలు, రెండూ మనిషి పోయాకే వచ్చేవి. 20 రూపాయల సురక్షా బీమా ప్రమాదానికి. మంచంలో ఉన్న మనిషికి ఇవేవీ రూపాయి ఇవ్వవు. మీటింగులో ఈ మాట గట్టిగా చెప్పండి, 'మాకు మూడు బీమాలున్నాయి' అని ధీమాగా ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి.

తెల్ల కార్డు ఉన్న ఇంటికి దవాఖాన బిల్లును ఆరోగ్యశ్రీ చాలావరకు మోస్తుంది. మోయనిది కూలి. కీమో సాధారణంగా మూడు వారాలకోసారి ఆరు నుంచి ఎనిమిది సార్లు, రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదు వారాలు. హెర్2 ఉంటే మూడు వారాలకోసారి ఇంజెక్షన్ ఏడాది దాకా. ఆమె పని పోతుంది, తోడు వెళ్లే మనిషి పనీ పోతుంది. ఒక పంట కాలం మొత్తం ఇద్దరి కూలి ఎంతో లెక్కేసి చూడండి, అప్పు పుట్టేది అక్కడే. ఇలాంటి ఇంటికి సరిపోయేది ఒకేసారి చేతికిచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ లేదా క్యాన్సర్ పాలసీ. చికిత్స ఆరోగ్యశ్రీలో జరిగినా ఇది విడిగా వస్తుంది, బిల్లులు కాదు, బయాప్సీ రిపోర్టు చూసి ఇస్తారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసుకుంటేనే.

తీసుకునేటప్పుడు మూడు చోట్ల వేలు పెట్టి చదివించుకోండి. ఒకటి, ఇంకా పాకని తొలి దశ క్యాన్సర్‌కు ఇస్తారా. మామూలు క్రిటికల్ ఇల్‌నెస్ నిర్వచనంలో పాలనాళం దాటని, ఇంకా పాకని దశ లెక్కలోకి రాదు. క్యాన్సర్ పాలసీల్లో దానికి మొత్తంలో కొంత శాతం ఇస్తారు. ముందే పట్టుకునేవాళ్లకు ఈ తేడా ముఖ్యం. రెండు, జబ్బు తేలాక ఎన్ని రోజులు బతికి ఉండాలి, చాలావాటిలో 30. మూడు, వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ మొదలయ్యాక క్లెయిమ్ రాని గడువు.

తెల్ల కార్డు లేని ఇల్లయితే ముందు దవాఖాన ఖర్చు ఇచ్చే మామూలు ఆరోగ్య పాలసీ, ఆ తర్వాతే ఇది. అందులో గది అద్దె పరిమితి చూడండి. పరిమితి దాటిన గదిలో ఉంటే గది అద్దె ఒక్కటే కాదు, సర్జన్ ఫీజు లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. ఆరోగ్య సంజీవని లాంటి పాలసీలో నోటి కీమో, ఇమ్యునోథెరపీ లాంటివాటికి మొత్తంలో సగం వరకే. క్యాన్సర్ కాని రొమ్ము గడ్డ ఆపరేషన్‌కు అందులో మొదటి 24 నెలలు రాదు. ముందే ఉన్న బీపీ, షుగర్ లాంటి జబ్బులకు గడువు 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 36 నెలలే. 60 నెలలు వరుసగా కట్టాక మోసం రుజువైతే తప్ప దాచారనే కారణంతో తిరస్కరించలేరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలకు జీఎస్టీ లేదు. ఏజెంటు పాత ప్రీమియం పట్టిక చూపిస్తే, అందులో కలిపిన 18 శాతం జీఎస్టీని తీసేసి లెక్కేయండి.

నిజం రాసినా క్లెయిమ్ కొట్టేస్తే కంపెనీకి రాతపూర్వక ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

సంఘం_లెక్కలు, పరకాల

ఒక్కటి మిగిలింది నర్సమ్మా. మా దిక్కు చిన్న వయసులనే గర్భసంచి తీయించుకున్నోళ్లు ఎక్కువ. నెలసరే లేదు కదా, వాళ్లు ఏ రోజు చూసుకోవాలె? అక్కకు ఇదే జబ్బు వచ్చిన ఒకామె కూడా ఉంది.

నర్సు_హన్మకొండ

గర్భసంచి తీసినోళ్లు, నెలసరి ఆగినోళ్లు ఏదో ఒక తేదీ పెట్టుకోవాలె. సంఘం పొదుపు కట్టే తేదీనే పెట్టమనండి, యాదికుంటది. గర్భసంచి తీసి అండాశయాలు ఉంచితే హార్మోన్లు నడుస్తనే ఉంటయి, రొమ్ములు కొన్ని రోజులు నొయ్యొచ్చు. ఆ తేదీ నాడు నొప్పిగ ఉంటే వారం ఆగి చూసుకుంటే సరిపోతది. గర్భసంచి లేదు కదా అని రొమ్ము క్యాన్సర్ రాదనుకునుడు తప్పు, అది కూడా చెప్పండి.

అక్కకు వచ్చిందన్న ఆమెను మాత్రం అరగంట మీటింగుతోని వదలొద్దు. అక్కకు ఏ వయసుల తేలిందో అడగండి. సాధారణంగ దానికి పదేండ్లు ముందు నుంచే మామోగ్రామ్ లేదా స్కానింగు మొదలుపెట్టమంటరు. అమ్మకు, పెద్దమ్మకు, మేనత్తకు రొమ్ముదో అండాశయానిదో ఉందా అని కూడా రాసుకొని సర్జరీ ఓపీల చెప్పమనండి. ఇంట్ల మగవాళ్లకు ఎవరికన్న రొమ్ముల గడ్డ వచ్చి ఉంటే అది కూడా చెప్పాలె. మగవాళ్లకు ఈ జబ్బు అరుదు, కాని వస్తది. సోమవారం ఆమెను కూడా తోలుకపోండి.